అర్ధరాత్రి స్కోరు పుస్తకం: మహిళల క్రికెట్ పర్యటనను ఇంటి నుంచి ఆసాంతం వెంబడించడం ఎలా?

నా దగ్గర రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి ఉంది. అందులో 2025 జూలై 4 నాటి పేజీ అంచున ‘ఇంగ్లండ్ 200 దాటడం ఖాయం’ అని పెన్సిల్‌తో రాసి, కింద గీత కూడా గీశాను. రాసిన క్షణాన కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. లండన్‌లోని ఓవల్ మైదానంలో భారత్‌తో మూడో టీ20 అది. పదిహేను ఓవర్లు అయిపోయినా ఇంగ్లండ్ ఓపెనర్లు సోఫియా డంక్లీ, డానీ వ్యాట్-హాడ్జ్ క్రీజు వదల్లేదు. 137 పరుగుల దగ్గర మొదటి వికెట్ పడింది. అక్కడి నుంచి 25 బంతుల్లో 31 పరుగులకే తొమ్మిది వికెట్లు రాలాయి. ఇంగ్లండ్ 171 దగ్గర ఆగిపోయింది. ఔట్ల వివరాల కోసం నేను వదిలిన చోటు చాలక మార్జిన్‌లో అడ్డంగా, నిలువుగా రాసుకోవలసి వచ్చింది.

తెల్లారాక ఫోను తెరిచినవాళ్లకు కనిపించింది 171/9 అనే అంకె ఒక్కటే. ఒకే ఇన్నింగ్స్‌లో రెండు వేర్వేరు ఆటలు జరిగాయని ఆ అంకె చెప్పదు. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే కళ్లెదుటే కనిపిస్తుంది.

ఒక పర్యటనను ఇలా పుస్తకం పెట్టుకుని ఎలా వెంబడించాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణగా 2025లో మన మహిళల జట్టు ఇంగ్లండ్‌లో చేసిన పర్యటననే తీసుకుంటాను. జూన్ 28 నుంచి జూలై 22 వరకు ఐదు టీ20లు, మూడు వన్డేలు జరిగాయి. పద్ధతి మాత్రం ఏ రెండు జట్లకైనా ఒకటే.

1. ముందుగా పర్యటన స్వరూపం తెలుసుకోండి

మొదటి పేజీలో మ్యాచ్‌ల జాబితా రాయడానికి ముందు ఒక ప్రశ్నకు జవాబు కనుక్కోండి. ఇది విడివిడి సిరీస్‌ల పర్యటనా, లేక అన్నీ కలిపి పాయింట్లు లెక్కించే పర్యటనా?

మహిళల క్రికెట్‌లో ఈ రెండో రకం ఒకటుంది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మహిళల యాషెస్ 2013 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఇప్పుడు టెస్టు గెలిస్తే 4 పాయింట్లు, డ్రా అయితే చెరి 2, ఒక్కో వన్డేకు, టీ20కి 2. 2021లో మన జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కూడా ఇదే పద్ధతి. బ్రిస్టల్ టెస్టు డ్రా అయి చెరి రెండు పాయింట్లు వచ్చాయి. వన్డేలు, టీ20లు రెండూ 2-1తో ఇంగ్లండ్‌కు పోయాయి. కూడి చూడండి: ఇంగ్లండ్ 10, భారత్ 6. ఇలాంటి పర్యటన అయితే పుస్తకం అట్ట లోపలి వైపు రెండు నిలువు వరుసలు గీసి పాయింట్లు పెంచుకుంటూ పోవాలి. ఎందుకంటే సిరీస్ పోయిందనుకున్న చోట కూడా ఒక వన్డే గెలుపు లెక్కను మార్చేస్తుంది.

2025 పర్యటనలో టెస్టు లేదు, పాయింట్లు లేవు. టీ20 సిరీస్ వేరు, వన్డే సిరీస్ వేరు. కాబట్టి పుస్తకాన్ని రెండు భాగాలు చేసి మధ్యలో ఒక రంగు కాగితం పెట్టుకుంటే సరిపోయింది.

2. కాలమానాన్ని మన గడియారంలోకి మార్చండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వేసవిలో ఇంగ్లండ్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం 6.30కి మొదలైతే మనకు రాత్రి 11. మ్యాచ్ ముగిసేసరికి రెండు దాటుతుంది, తేదీ కూడా మారిపోతుంది. అందుకే జూలై 1 బ్రిస్టల్ మ్యాచ్‌ను నేను ‘1/2’ అని రాసుకుంటాను. ఒకసారి ఇలా రాయక, మర్నాడు రాత్రి పదకొండుకు టీవీ ముందు బుద్ధిగా కూర్చుని మా ఇంట్లో వాళ్లకు నెల రోజులకు సరిపడా నవ్వు మిగిల్చాను.

నాలుగు రకాల వేళలు ఉంటాయని గుర్తుంచుకోండి. శనివారం మధ్యాహ్నం రెండున్నరకు పెట్టిన నాటింగ్‌హామ్ టీ20 మనకు రాత్రి ఏడింటికే వచ్చింది. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని చూసేశాం. లార్డ్స్ వన్డే మన మధ్యాహ్నం మూడున్నరకు. సౌతాంప్టన్, చెస్టర్-లె-స్ట్రీట్ (డర్హామ్) వన్డేలు సాయంత్రం ఐదున్నరకు. మిగతావన్నీ అర్ధరాత్రి సరుకే.

అక్టోబరు చివర్లో ఇంగ్లండ్‌లో గడియారం వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి చివరిదాకా తేడా ఐదున్నర గంటలు. ఆస్ట్రేలియా పర్యటన అయితే అసలు గొడవే లేదు, వాళ్లు మనకంటే ముందుంటారు. పొద్దున్నే కాఫీతో మొదలుపెట్టవచ్చు.

మ్యాచ్‌లన్నీ ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకో, ఫ్రిజ్‌కో అతికించండి. వరుస ఇలా ఉండాలి: తేదీ, వారం, మన సమయం, ఊరు, మైదానం, మర్నాడు మీకు పని ఉందా లేదా. ఆ చివరి గడి చిన్నదే అయినా నిద్రను కాపాడేది అదే.

3. మహిళల క్రికెట్ కొలతలు వేరని మనసులో పెట్టుకోండి

పురుషుల మ్యాచ్‌లు చూసిచూసి వచ్చినవాళ్లు ఇక్కడా అవే అంచనాలతో కూర్చుంటారు. బంతి 140 నుంచి 151 గ్రాములు. పురుషుల బంతి 156 నుంచి 163 గ్రాములు. చుట్టుకొలత కూడా కాస్త తక్కువ. బౌండరీ పిచ్ నుంచి 60 నుంచి 70 గజాల మధ్య ఉంటుంది. ఫీల్డింగ్ వృత్తం కూడా చిన్నది, పురుషుల ఆటలో 30 గజాలైతే ఇక్కడ సుమారు 25.

ఈ అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు. కానీ వృత్తం చిన్నదైతే ఫీల్డరు బ్యాటర్‌కు దగ్గరగా నిలబడుతుంది. కవర్ డ్రైవ్ బలంగా కొట్టినా, నేరుగా ఆమె చేతిలోకే వెళితే పరుగు రాదు. రెండు అడుగులు పక్కనుంచి వెళ్లిందా, ఆపడానికి సమయం చాలదు. అందుకే స్మృతి మంధాన లాంటి బ్యాటర్ బలం కన్నా ఖాళీ చూసి కొట్టడాన్ని నమ్ముకుంటుంది. నాటింగ్‌హామ్‌లో ఆమె 62 బంతుల్లో 112 చేసింది. టీ20ల్లో ఆమెకు అదే తొలి శతకం, మూడు ఫార్మాట్లలోనూ శతకాలు చేసిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ ఇన్నింగ్స్ మళ్లీ చూసే వీలుంటే సిక్సర్లు వదిలేసి, ఫీల్డర్ల మధ్యనుంచి పోయిన ఫోర్లు మాత్రమే చూడండి.

4. జట్టు పేజీ: ఖాళీలు వదలడం మరిచిపోవద్దు

ఎడమ పేజీలో ఒక జట్టు, కుడి పేజీలో రెండోది. ఒక్కో పేరు ఎదురుగా మూడు సంగతులు: బ్యాటింగ్ ఏ చేత్తో, బౌలింగ్ ఏ రకం, ఇంతకుముందు ఈ దేశంలో ఆడిందా. కింద కనీసం మూడు వరుసలు ఖాళీగా ఉంచండి. పర్యటనల్లో గాయాలు తప్పవు, ప్రకటించిన జట్టు చివరిదాకా అలాగే ఉండదు.

2025లో ఈ ఖాళీ వరుస విలువ బాగా తెలిసింది. మొదట ప్రకటించిన జట్టులో రాధా యాదవ్ పేరు లేదు. శుచి ఉపాధ్యాయ్ గాయపడటంతో ఆమె స్థానంలో రాధను తీసుకున్నారు. ఆ రాధే మాంచెస్టర్‌లో జరిగిన నాలుగో టీ20లో 15 పరుగులిచ్చి రెండు వికెట్లు తీసి, ‘ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్’ అయింది. సిరీస్ మన చేతికి వచ్చింది ఆ మ్యాచ్‌తోనే. ఒకటికి మించి మ్యాచ్‌లున్న టీ20 సిరీస్‌ను మన మహిళలు ఇంగ్లండ్ మీద ఇంగ్లండ్‌లో గెలవడం అదే మొదటిసారి. జాబితా అడుగున ఖాళీ వరుసలో ఇరికించి రాసిన పేరు అది.

కెప్టెన్ పేరు పక్కన కూడా చోటుండాలి. నాటింగ్‌హామ్‌లో హర్మన్‌ప్రీత్ కౌర్ ఆడలేదు, స్మృతి నడిపించింది. ఇంగ్లండ్ వైపు నాట్ సివర్-బ్రంట్ గాయపడ్డాక చివరి టీ20ల్లో టామీ బ్యూమాంట్ పగ్గాలు పట్టుకుంది.

5. స్కోరు పేజీ గీయడం, గుర్తులు

ఇది అసలు పని. పెన్ను వద్దు. మెత్తని ములుకున్న పెన్సిల్, ఒక రబ్బరు, ఒక స్కేలు చాలు. అంపైర్ నిర్ణయం సమీక్షకు వెళ్లిందంటే రాసింది చెరపాల్సి రావచ్చు.

టీ20కి ఒక ఇన్నింగ్స్‌కు రెండు పేజీలు తీసుకోండి. ఎడమ పేజీ బ్యాటర్లది: పదకొండు వరుసలు, ఒక్కో వరుసలో పేరు, కొట్టిన పరుగులు ఒకదాని వెంట ఒకటి, ఎలా ఔటైంది, మొత్తం. కుడి పేజీ బౌలర్లది: ఒక్కో బౌలర్‌కు ఒక వరుస, ఒక్కో ఓవర్‌కు ఒక చదరపు గడి. ఆ గడిలో ఆరు గుర్తులు పట్టాలి, పైన మూడు, కింద మూడు.

పరుగు రాని బంతికి చుక్క. పరుగులు వస్తే అంకె. వికెట్ పడితే ‘వి’. వైడ్‌కు కూడిక గుర్తు. నోబాల్‌కు సున్నా చుట్టండి, ఆ బంతికి బ్యాటర్ పరుగులు తీస్తే ఆ అంకెను సున్నా లోపలే వేయండి. బైకి (బంతి బ్యాట్‌కు గానీ ఒంటికి గానీ తగలకుండా వచ్చిన పరుగు) శిఖరం పైకున్న త్రిభుజం, లెగ్‌బైకి (ఒంటికి తగిలి వచ్చిన పరుగు) తలకిందుల త్రిభుజం, వచ్చిన పరుగులు వాటి లోపల. పరుగే ఇవ్వని మెయిడెన్ ఓవర్ పడితే ఆరు చుక్కలనూ గీతతో కలిపేస్తారు. టీ20లో ఆ గీత గీసే అవకాశం అరుదుగా వస్తుంది కాబట్టి వచ్చినప్పుడు కాస్త నెమ్మదిగా, అందంగా గీయండి.

వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలో పడతాయి. బైలు, లెగ్‌బైలు పడవు. ఈ ఒక్క తేడా మరిచిపోతే రాత్రంతా లెక్క కుదరదు.

పేజీ కింద ఒక అడ్డ గడి ఉంచి ప్రతి ఓవర్ చివర జట్టు స్కోరు రాయండి: 1-6, 2-11, ఇలా. వికెట్ పడిన చోట అంకెకు చుట్టూ గీత గీయండి. ఓవల్ మ్యాచ్‌లో నా పేజీ అడుగున పదిహేను ఓవర్ల దాకా ఒక్క చుట్టూ లేదు. ఆ తర్వాత గొలుసు గొలుసుగా చుట్లే. దీప్తి శర్మ, మన హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి చెరి మూడు వికెట్లు తీశారు. ఆ గొలుసు చూశాక, అంత మంచి ఆరంభం ఉన్నా ఇంగ్లండ్ ఎందుకు చేజార్చుకుందో మరొకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆ మ్యాచ్ మనం గెలవలేదు. చివరి బంతికి ఆరు పరుగులు కావాలి, హర్మన్‌ప్రీత్ గాల్లోకి లేపింది, క్యాచ్ పట్టేశారు. ఐదు పరుగుల తేడా. పేజీలో ఆ చివరి ‘వి’ని నేను కాగితం చిరిగేంత గట్టిగా రాశానని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

6. ఓవర్లలోని చుక్కను దశాంశమనుకోవద్దు

కొత్తవాళ్లు తరచూ తడబడే చోటిది. 3.5 ఓవర్లంటే మూడున్నర ఓవర్లు కాదు, మూడు ఓవర్ల ఐదు బంతులు. అంటే 23 బంతులు.

నాటింగ్‌హామ్‌లో మన స్పిన్నర్ శ్రీచరణి గణాంకాలు తీసుకోండి: 3.5 ఓవర్లు, 12 పరుగులు, 4 వికెట్లు. ఓవర్‌కు ఎన్ని పరుగులిచ్చిందో కావాలంటే 12ను 3.5తో భాగించకూడదు. 12ను 23తో భాగించి ఆరుతో గుణించాలి. 3.13 వస్తుంది. ఒక్కో ఓవర్‌కు పది చొప్పున కొట్టుకుంటూ పోయిన మ్యాచ్‌లో అంత తక్కువ.

ఇంకో ముచ్చట. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 14.5 ఓవర్లలో 113 పరుగులకు ఆలౌటైంది. ఇన్నింగ్స్ 14.5 దగ్గర ముగిసింది, శ్రీచరణి బౌలింగ్ 3.5 దగ్గర ఆగింది. అంటే ఇన్నింగ్స్ ముగిసిన ఓవర్ ఆమెదేనని మ్యాచ్ చూడకుండానే చెప్పవచ్చు. స్కోరు కార్డు ఇలా చదవడం అలవాటైతే పేపర్లో రెండు అంగుళాల వార్త కూడా అరగంట చదివిస్తుంది.

7. అన్నిటినీ మేలుకుని చూడాలనుకోకండి

అర్ధరాత్రి మ్యాచ్‌లు నాలుగు ఉన్నాయనుకోండి. రెండు ఎంచుకోండి. నా లెక్క ఇది: సిరీస్ తేలే అవకాశమున్న మ్యాచ్ ఒకటి, మర్నాడు సెలవున్న మ్యాచ్ ఒకటి. 2025లో బుధవారం రాత్రి మాంచెస్టర్ మ్యాచ్ మొదటి రకం, శనివారం బర్మింగ్‌హామ్ మ్యాచ్ రెండో రకం. బర్మింగ్‌హామ్‌లో సిరీస్ అప్పటికే తేలిపోయింది కదా అనుకుంటే షెఫాలీ వర్మ 41 బంతుల్లో 75 బాదింది, ఇంగ్లండ్ చివరి బంతికి గెలిచింది. కాబట్టి నా లెక్కను మరీ నమ్మకండి.

మేలుకోవాలనుకున్న రోజు రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి పదిన్నర దాకా పడుకోండి. ఫ్లాస్కులో పలచని మజ్జిగో, అల్లం టీయో ఉంచండి. కాఫీ తాగితే మ్యాచ్ అయ్యాక కూడా నిద్ర రాదు. మీరు ప్రసారం చూసే యాప్‌కు డబ్బు కట్టాలంటే మొదటి మ్యాచ్‌కు రెండు రోజుల ముందే కట్టి, ఒకసారి తెరిచి చూసుకోండి. నేను సరిగ్గా టాస్ వేళకు కట్టబోతే అవతలివాళ్ల వెబ్‌సైటు డబ్బు తీసుకుంది గానీ మ్యాచ్ చూపించలేదు. ఆ రాత్రి తొలి ఆరు ఓవర్లు నా పుస్తకంలో ఇప్పటికీ ఖాళీ.

చూడని మ్యాచ్‌ల పేజీలను పొద్దున్నే నింపడానికి ఒక పద్ధతి ఉంది. ఫలితం తెలియకుండా ఉండాలంటే రాత్రే ఫోనులో వార్తల గంటలు ఆపేయండి. కుటుంబం వాట్సప్ గ్రూపును కూడా మూసేయండి, మీ బావమరిది అందులో స్కోరు పెట్టకుండా ఉండడు. పేపర్లో స్కోరు కార్డు కింద ‘వికెట్ల పతనం’ అనే వరుస ఉంటుంది. ముందు అదొక్కటే చదవండి, మిగతాది చేత్తో మూసి. 1-137 అని కనిపిస్తే మొదటి జోడీ ఎంత దూరం వెళ్లిందో తెలిసిపోతుంది. తర్వాతి అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే కుప్పకూలారన్నమాట. ఆ తర్వాత బౌలింగ్ వరుస. ‘దీప్తి 4-0-27-3’ అని ఉంటే నాలుగు ఓవర్లు, మెయిడెన్ లేదు, 27 పరుగులు, 3 వికెట్లు. బ్యాటర్ల వరుసలో (సి) అంటే క్యాచ్ పట్టినవాళ్లు, (బి) అంటే బౌలర్. ఫలితం చిట్టచివర.

8. వాన పడితే

ఇంగ్లండ్ పర్యటన అంటే ఒక్క మ్యాచైనా తడుస్తుంది. జూలై 19న లార్డ్స్‌లో అదే జరిగింది. వన్డేను 29 ఓవర్లకు కుదించారు. మన జట్టు 8 వికెట్లకు 143 చేసింది. ఇంగ్లండ్ ఛేదిస్తుండగా మళ్లీ వాన. లక్ష్యం 24 ఓవర్లలో 115గా మార్చారు. వాళ్లు 21 ఓవర్లలో రెండు వికెట్లకు 116 చేసి గెలిచారు.

వాన పడినప్పుడు లక్ష్యం మార్చే డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్ లెక్కను ఇంట్లో కూర్చుని వేయాలనుకోకండి, అది కంప్యూటర్ పని. మీరు అర్థం చేసుకోవలసింది ఒక్కటే. జట్టు చేతిలో రెండు వనరులుంటాయి, మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు. వాన ఓవర్లను తినేస్తుంది గానీ వికెట్లను ముట్టుకోదు. కాబట్టి వికెట్లు చేతిలో ఉన్న జట్టుకు తక్కువ ఓవర్లలో లక్ష్యం పెద్దగా బరువనిపించదు. మబ్బు పట్టిన రోజు టాస్ గెలిచిన కెప్టెన్లు ఛేదన ఎందుకు కోరుకుంటారో ఇందులోనే ఉంది. పుస్తకంలో ఆట ఆగిన చోట జోడు గీత గీసి, సమయం, స్కోరు, కొత్త లక్ష్యం రాయండి. పాత లక్ష్యాన్ని చెరపవద్దు, దాని మీద ఒక గీత కొట్టండి చాలు.

వాన విరామంలో వంటింట్లో పని చూసుకోవచ్చు. మైదానం మీద కప్పిన కవర్లను టీవీలో గంటసేపు చూడటం కన్నా అది నయం.

9. ఒక్కరిని ఎంచుకుని పర్యటన పొడవునా వెంబడించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ ఇది. జట్టులో ఒకరిని ఎంచుకోండి. పేరున్నవాళ్లు వద్దు, వాళ్ల గురించి అందరూ రాస్తారు. కొత్తగా వచ్చినవాళ్లయితే మంచిది.

నేను 2025లో శ్రీచరణిని ఎంచుకున్నాను. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామం అమ్మాయి, ఎడమచేతి వాటం స్పిన్నర్. అదే ఏడాది శ్రీలంకలో వన్డేలు ఆడింది, టీ20ల్లో మాత్రం నాటింగ్‌హామ్‌దే తొలి మ్యాచ్. ఆ ఒక్క పేజీకి నేను గీసిన వరుసలు ఇవి: కెప్టెన్ ఆమెకు బంతి ఏ ఓవర్లో ఇచ్చింది, అప్పుడు క్రీజులో ఉన్నవాళ్లు ఏ చేతివాటం, చుక్క బంతులు ఎన్ని, వికెట్ ఎలా వచ్చింది, కొట్టించుకున్న తర్వాతి బంతి ఎలా వేసింది.

ఆ చివరి వరుస నాలుగు మ్యాచ్‌లు నింపాక గానీ అర్థం కాదు. సిక్సర్ తిన్న వెంటనే కొందరు స్పిన్నర్లు భయపడి బంతిని వేగంగా, పొట్టిగా వేస్తారు. మరికొందరు మళ్లీ గాల్లోకే వదులుతారు. స్కోరు కార్డులో ఈ తేడా ఎక్కడా ఉండదు. మీరు ఎంచుకున్న బౌలర్ ఏ రకమో మీ పుస్తకమే చెప్పాలి. ఎడమచేతి స్పిన్నర్ బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా తిరుగుతుంది, ఎడమచేతి బ్యాటర్‌కు లోపలికి వస్తుంది. కాబట్టి ఎడమచేతి బ్యాటర్ క్రీజులోకి రాగానే కెప్టెన్ ఆమెను ఆపేసిందా, కొనసాగించిందా అన్నది కూడా గమనించండి. కెప్టెన్‌కు ఒక కొత్త బౌలర్ మీద ఎంత నమ్మకం కుదిరిందో అక్కడ తెలుస్తుంది.

ఐదు టీ20లు ముగిసేసరికి శ్రీచరణి ఖాతాలో పది వికెట్లు, ‘ప్లేయర్ ఆఫ్ ద సిరీస్’ ఆమెదే. మనం సిరీస్ 3-2తో గెలిచాం. అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబైలో మన జట్టు ప్రపంచకప్ అందుకుంది. ఆ టోర్నీలో ఆమె 14 వికెట్లు తీసింది. ఫైనల్ రోజు పుస్తకంలో పాత పేజీ తెరిచి పెట్టుకుని చూశాను.

2002 ఆగస్టులో టాంటన్ టెస్టులో మన మిథాలీ రాజ్ ఇంగ్లండ్ మీద 214 కొట్టినప్పుడు నేను మర్నాటి పేపర్లో చదివాను, అంతే. ఒక్క బంతి కూడా చూడలేదు. ఆ ఇన్నింగ్స్‌కు నా దగ్గర పేజీ లేదు.

10. మీరు ఇంగ్లండ్‌లోనే ఉంటే

అక్కడ చదువుకో, ఉద్యోగానికో ఉన్న తెలుగువాళ్లకు రెండు మాటలు. ఓవల్ మైదానానికి అదే పేరున్న భూగర్భ రైలు స్టేషన్, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్‌కు అదే పేరున్న ట్రామ్ స్టాపు పక్కనే ఉన్నాయి. ట్రెంట్ బ్రిడ్జ్‌కు నాటింగ్‌హామ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. చెస్టర్-లె-స్ట్రీట్ మైదానం పెద్ద నగరంలో లేదు, తిరుగు రైలు వేళ చూసుకోకుండా వెళ్లవద్దు. జూలైలో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. సాయంత్రం మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌కు చలి వేస్తుంది. స్వెటర్, వాన కోటు రెండూ పట్టుకెళ్లండి. జెండా కర్ర, పెద్ద సంచి, గాజు సీసా లాంటివి అనుమతిస్తారో లేదో ఆ మైదానం నిబంధనల్లో ముందే చూసుకోండి. పులిహోర డబ్బా మాత్రం మరిచిపోవద్దు.

మైదానంలో కూర్చున్నవాళ్లకు రీప్లే అన్నిసార్లూ దొరకదు. కాబట్టి స్కోరు రాసుకోవడం అక్కడ ఇంకా కష్టం, ఇంకా సరదా.

11. చివరి మ్యాచ్ తర్వాత లెక్క సరిచూడటం

వన్డే సిరీస్‌లో సౌతాంప్టన్‌లో 259 లక్ష్యాన్ని పది బంతులు మిగిలుండగా అందుకున్నాం. దీప్తి 64 బంతుల్లో 62 చేసి అజేయంగా నిలిచింది, మధ్యలో ఒంటిచేత్తో ఒక సిక్సర్ కూడా. లార్డ్స్‌లో ఓడాం. జూలై 22న చెస్టర్-లె-స్ట్రీట్‌లో తేలాలి. హర్మన్‌ప్రీత్ 84 బంతుల్లో 102, మన స్కోరు 5 వికెట్లకు 318. ఇంగ్లండ్ 49.5 ఓవర్లలో 305. మధ్యప్రదేశ్ అమ్మాయి క్రాంతి గౌడ్ 52 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీసింది. 13 పరుగుల తేడాతో గెలిచి సిరీస్ 2-1 చేసుకున్నాం.

అర్ధరాత్రి దాటాక ఆ సంతోషంలో పుస్తకం మూసేయకండి, ఇంకో పది నిమిషాల పని ఉంది. బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కూడితే జట్టు మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపితే కూడా అదే మొత్తం రావాలి. రెండు వైపులా ఒకే అంకె వస్తే మీ పేజీ సరైనది. ఒకటో రెండో తేడా వస్తే ముందు త్రిభుజాలు వెతకండి, తొంభై శాతం తప్పు అక్కడే ఉంటుంది: బైని బౌలర్ ఖాతాలో వేసి ఉంటారు, లేదా లెగ్‌బైని బ్యాటర్‌కు ఇచ్చి ఉంటారు. అక్కడా దొరక్కపోతే వైడ్‌కు బౌండరీ పోయిన బంతి ఏదైనా ఉందేమో చూడండి, దానికి ఐదు పరుగులు వేయాలి. అప్పటికీ కుదరకపోతే పెన్సిల్ పేజీలో పెట్టి పడుకోండి, పొద్దున్న వెలుతుర్లో చూస్తే దొరుకుతుంది.